టైఫాయిడ్ జ్వరం: నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పదేపదే అడిగే ప్రశ్నలు

నేను నెల్లూరులో ల్యాబ్ టెక్నీషియన్‌ని. రక్తం ఇచ్చి, రిపోర్టు కోసం బెంచీ మీద కూర్చున్నవాళ్లు అడిగే మాటలు ఏళ్ల తరబడి అవే. ఈశాన్య వానలు పట్టుకునే అక్టోబరు నుంచి సంక్రాంతి దాకా ఒక విడత అడుగుతారు. బోర్లు అడుగంటే ఏప్రిల్, మే నెలల్లో ఇంకో విడత. ఉదయగిరి, కందుకూరు, కనిగిరి, ఒంగోలు నుంచి చుట్టాలు ఫోన్లో అడిగేవీ ఇవే. అందుకని ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. కొన్ని మందుల పేర్లు వస్తాయి గానీ మోతాదులు రాయలేదు, అది మిమ్మల్ని చూసిన డాక్టరు చెప్పాల్సింది.

## జ్వరం మొదలైన రోజుల్లో

మూడు రోజుల్నుంచి జ్వరం. ఇది టైఫాయిడేనా?

మూడో రోజుకు ఎవరూ ఖాయంగా చెప్పలేరు. టైఫాయిడ్ ఒక్కసారిగా మీద పడదు. మొదటి రోజు ఒళ్లు వెచ్చబడుతుంది, రెండో రోజు ఇంకొంచెం, సాయంత్రానికి ఇంకా ఎక్కువ. ఇలా మెట్లు ఎక్కినట్టు ఎక్కి వారం తిరిగేసరికి 103, 104 డిగ్రీల దగ్గర నిలబడుతుంది. తలనొప్పి, నీరసం, కడుపులో నొప్పి, ఆకలి చచ్చిపోవడం, నాలుక మీద తెల్లటి పూత, కొందరికి పొడి దగ్గు తోడవుతాయి. మన జిల్లాల్లో అదే కాలంలో డెంగీ, మలేరియా, స్క్రబ్ టైఫస్ కూడా ఉంటాయి. పొలంలో బురదలో దిగి పనిచేసేవాళ్లకు ఎలుక మూత్రం వల్ల వచ్చే లెప్టో జ్వరమూ రావచ్చు. మూడు రోజులు దాటిన ఏ జ్వరానికైనా డాక్టరు చెయ్యి పడాల్సిందే. అప్పటిదాకా పారాసెటమాల్, నీళ్లు, విశ్రాంతి చాలు. ఒళ్లు నొప్పులకని డైక్లోఫెనాక్ సూదులు మాత్రం వేయించుకోవద్దు. అది డెంగీ అయితే రక్తస్రావానికి దారి తీస్తుంది.

అసలు ఇది ఎలా వస్తుంది? వానలో తడిస్తే వస్తుందా?

తడిస్తే రాదు. ఎండలో తిరిగితే రాదు. వేడి చేస్తే అంతకన్నా రాదు. సాల్మొనెల్లా టైఫీ అనే బ్యాక్టీరియా కడుపులోకి పోతేనే వస్తుంది. ఈ సూక్ష్మజీవి పశువుల్లో, పక్షుల్లో బతకదు, మనిషిలోనే ఉంటుంది. జబ్బు ఉన్న మనిషి మలంలో, ఒక్కోసారి మూత్రంలో బయటికి వచ్చి, నీళ్ల ద్వారానో, కడుక్కోని చేతుల ద్వారానో, ఈగల ద్వారానో ఇంకొకరి నోటికి చేరుతుంది. చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా మాట ఇదే: ఒకరి మలం ఇంకొకరి నోట్లోకి పోతే టైఫాయిడ్. ఈ ఒక్క సంగతి అర్థమైతే ఏం జాగ్రత్త పడాలో ఎవరికి వాళ్లకే తెలిసిపోతుంది.

నిన్న బయట తిన్నాం, ఇవాళ జ్వరం. ఆ తిండి వల్లేనా?

టైఫాయిడ్ అంత తొందరగా బయటపడదు. సూక్ష్మజీవి లోపలికి పోయాక సాధారణంగా వారం నుంచి రెండు వారాలు, ఒక్కోసారి నెల వరకూ పడుతుంది. నిన్నటి బిర్యానీని తిట్టుకోకుండా రెండు వారాల కింద ఎక్కడికి వెళ్లారు, ఏ నీళ్లు తాగారు, ఏ పెళ్లిలో తిన్నారు అని గుర్తు చేసుకోండి. డాక్టరుకు అది పనికొచ్చే సమాచారం.

మా పిలకాయకి విరేచనాలే లేవు, పైగా మలబద్ధకం. అయినా టైఫాయిడ్ అంటారేంది?

టైఫాయిడ్ పేగుల్లో మొదలైనా రక్తంలోకి పోయి ఒళ్లంతా తిరుగుతుంది. విరేచనాలు కావాలనే నియమం లేదు. పెద్దవాళ్లలో మొదటి వారం మలబద్ధకమే ఎక్కువ, చిన్నపిల్లల్లో విరేచనాలు కొంచెం ఎక్కువగా కనిపిస్తాయి. రెండూ లేకుండా ఉత్త జ్వరమే ఉన్నవాళ్లూ ఉంటారు.

ఎప్పుడు 108కి ఫోన్ చేయాలి?

ఉన్నట్టుండి కడుపులో భరించలేని నొప్పి వచ్చి పొట్ట గట్టిపడితే. మలం తారులా నల్లగా వచ్చినా, రక్తం పడినా. మనిషి పొంతన లేకుండా మాట్లాడుతున్నా, పిలిస్తే పలక్కపోయినా. ఏది తాగినా వాంతి అవుతుంటే, పొద్దుట్నుంచి మూత్రం రాకపోతే కూడా. సరిగా వైద్యం అందని టైఫాయిడ్‌లో రెండో వారం చివర్లో, మూడో వారంలో చిన్నపేగు గోడ పుండుపడి చిల్లు పడే ప్రమాదం ఉంది. దానికి ఆపరేషన్ తప్ప దారి లేదు. ఒక్క మాట బాగా గుర్తుంచుకోండి: జ్వరం గబుక్కున దిగి, చెమటలు పట్టి, నాడి వేగంగా కొట్టుకుంటుంటే అది తగ్గడం కాదు, లోపల రక్తం పోతూ ఉండొచ్చు. "జ్వరం దిగిందిలే, పడుకోనీ" అని ఊరుకోవద్దు.

## రక్తపరీక్ష దగ్గర

విడాల్‌లో 1:80 వచ్చింది. టైఫాయిడ్ ఉన్నట్టేనా?

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. కాస్త ఓపిగ్గా చదవండి.

విడాల్ పరీక్ష 1896 నాటిది, ఫ్రెంచి వైద్యుడు జార్జెస్ ఫెర్నాండ్ విడాల్ పేరు మీద పిలుస్తున్నాం. ఇది రక్తంలో టైఫాయిడ్ సూక్ష్మజీవిని వెతకదు. దాని మీద మన ఒళ్లు తయారుచేసిన యాంటీబాడీలను వెతుకుతుంది. మీ రక్తంలోని సీరాన్ని, అంటే కణాలు పోగా మిగిలే ద్రవాన్ని, సగం, పావు, ఇంకా పలచగా చేసుకుంటూ పోయి, చచ్చిన టైఫాయిడ్ సూక్ష్మజీవులున్న ద్రవం కలిపి, ఎంత పలచన దాకా అవి ఇంకా గడ్డకట్టుకుంటున్నాయో చూస్తాం. 1:80 అంటే 80 వంతులు పలచన చేసినా గడ్డకట్టాయి అని. రిపోర్టులో కనిపించే ఓ, హెచ్ అనేవి ఆ సూక్ష్మజీవి ఒంటిమీది రెండు వేర్వేరు భాగాలు.

చిక్కు ఎక్కడంటే, ఈ యాంటీబాడీలు ఎప్పుడో వచ్చి పోయిన టైఫాయిడ్ వల్లా ఉంటాయి, టీకా వల్లా ఉంటాయి. మలేరియా లాంటి వేరే జ్వరాల్లోనూ పైకి లేస్తాయి. మనలాంటి చోట్ల ఏ జబ్బూ లేని ఆరోగ్యవంతుల్లోనే 1:80 కనిపించడం మామూలు. పైగా నిజంగా టైఫాయిడ్ ఉన్నవాళ్లకు మొదటి వారంలో విడాల్ నెగెటివ్ రావచ్చు, యాంటీబాడీలు తయారు కావడానికి టైం పడుతుంది కాబట్టి. పది, పద్నాలుగు రోజుల తేడాతో రెండుసార్లు చేసి, రెండోసారి నాలుగు రెట్లు పెరిగితే దానికి విలువ ఉంది. రెండో రోజు చేసిన ఒక్క విడాల్ కాగితం చూసి టైఫాయిడ్ అని తేల్చేయడం తప్పు. ఆ కాగితం అచ్చువేసి ఇచ్చే చేత్తోనే ఈ మాట రాస్తున్నాను.

మా బాబాయికి ఇలాగే జరిగింది. ఒక చోట ఒక్క విడాల్ చూసి ఎనిమిది రోజులు టైఫాయిడ్ మందులు వాడారు, జ్వరం కదల్లేదు. ఇంకో డాక్టరు చొక్కా విప్పించి చూస్తే చంకలో సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి చెక్కు ఉంది. స్క్రబ్ టైఫస్. చిన్న పురుగు కాటుతో వచ్చేది. డాక్సీసైక్లిన్ మొదలుపెట్టిన రెండు రోజులకే లేచి కూర్చున్నాడు. ఎనిమిది రోజులు ఆయన పడ్డ అవస్థ తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

రక్తంలో టైఫాయిడ్ ఎంత పర్సెంట్ ఉంది?

పర్సెంట్ అనేది లేదు. 1:160 ఉన్నవాళ్లకు 1:80 ఉన్నవాళ్లకంటే రెట్టింపు జబ్బు ఉన్నట్టు కాదు. జబ్బు తీవ్రత మనిషిని చూసి చెప్పాలి, అంకెను చూసి కాదు.

మరి ఏ పరీక్ష నమ్మాలి?

బ్లడ్ కల్చర్. రక్తాన్ని పోషక ద్రవం ఉన్న సీసాలో వేసి, సూక్ష్మజీవి పెరుగుతుందేమో చూస్తారు. పెరిగితే టైఫాయిడ్ ఖాయం. దాంతోపాటు ఏ మందుకు లొంగుతుందో, దేనికి లొంగదో కూడా తెలుస్తుంది. దాని అసలు విలువ అక్కడే ఉంది. ఇదీ పరిపూర్ణం కాదు, నిజంగా టైఫాయిడ్ ఉన్న పదిమందిలో సుమారు ఆరుగురిలోనే దొరుకుతుంది. దొరికే అవకాశం పెరగాలంటే రెండు పనులు చేయాలి: మొదటి వారంలోనే ఇవ్వాలి, యాంటీబయాటిక్ ఒక్క మాత్ర కూడా పడకముందే ఇవ్వాలి. పెద్దవాళ్ల దగ్గర 10 మిల్లీలీటర్ల దాకా రక్తం తీస్తాం. "అంత రక్తమా" అని భయపడతారు గానీ రెండు టీస్పూన్లే అది. ఫలితానికి రెండు మూడు రోజులు, ఒక్కోసారి ఐదు రోజులు పడుతుంది. ఈలోపు డాక్టరు తన అంచనాతో వైద్యం మొదలుపెట్టవచ్చు, సీసాలో రక్తం పడ్డాక మందు వేసుకుంటే ఇబ్బంది లేదు.

డెంగీ, టైఫాయిడ్ రెండూ ఉన్నాయన్నారు. నిజమేనా?

రెండూ కలిసి రావడం అసాధ్యం కాదు గానీ అరుదు. ఎక్కువసార్లు జరిగేది ఏమిటంటే డెంగీ నిజంగా ఉంటుంది, విడాల్‌లో పాత యాంటీబాడీలు కనిపిస్తాయి. ప్లేట్‌లెట్లు తగ్గడం ఒక్కటే చూసి కూడా తేల్చలేం, టైఫాయిడ్‌లోనూ కొంత తగ్గుతాయి. కల్చర్ చేయించారా అని డాక్టరును మర్యాదగా అడగండి, తప్పేం లేదు.

## మందులు వాడుతున్నప్పుడు

మందు మొదలుపెట్టి మూడు రోజులైంది, ఇంకా జ్వరం వస్తోంది. డాక్టరును మార్చాలా?

తొందరపడొద్దు. సరైన మందు పడినా టైఫాయిడ్ జ్వరం పూర్తిగా దిగడానికి మూడు నుంచి ఐదు రోజులు, కొందరికి వారం పడుతుంది. చూడాల్సింది జ్వరం వచ్చిందా లేదా అని కాదు, నిన్నటికంటే ఇవాళ శిఖరం తగ్గిందా, ఆకలి కొంచెమైనా పుట్టిందా అని. ఒక కాగితం మీద పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి జ్వరం ఎంతుందో రాసి పెట్టండి. డాక్టరు చేతికి అంతకంటే మంచి రిపోర్టు ఇంకోటి లేదు. వారం దాటినా అలాగే ఉంటే మందుకు లొంగని రకమా, అసలు జబ్బే వేరా అని మళ్లీ చూడాలి.

జ్వరం పోయింది, ఆకలేస్తోంది. మిగిలిన మాత్రలు ఆపేయొచ్చా?

ఆపొద్దు. జ్వరం దిగేసరికి సూక్ష్మజీవులు తగ్గుతాయి గానీ పూర్తిగా పోవు. కోర్సు సాధారణంగా ఒక వారం నుంచి రెండు వారాలు. మధ్యలో ఆపితే తిరగబెట్టడమే కాదు, బతికి బయటపడ్డవి మందుకు అలవాటు పడతాయి. ఈ జబ్బు చరిత్రంతా అదే. 1948లో క్లోరాంఫెనికాల్ వచ్చినప్పుడు అది సంజీవని. 1990 నాటికి దానికి లొంగని రకాలు వ్యాపించాయి. తర్వాత సిప్రోఫ్లాక్సాసిన్ వచ్చింది, మన దేశంలో ఇప్పుడు అదీ చాలా రకాల మీద పనిచేయడం లేదు. ఇప్పుడు ఎక్కువగా అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ మీద ఆధారపడుతున్నారు. పాకిస్తాన్‌లోని సింధ్‌లో 2016లో మొదలైన రకానికి సెఫ్ట్రియాక్సోన్ కూడా పనిచేయదు. ఉన్న మందుల్ని పాడుచేసుకుంటే రేపు మన పిల్లలకు వాడటానికి ఏమీ మిగలదు.

పోయినేడు టైఫాయిడ్‌కి రాసిన చీటీ ఉంది. అదే మెడికల్ షాపులో చూపించి తెచ్చుకోవచ్చా?

వద్దు. పోయినేడు జ్వరం, ఈ యేటి జ్వరం ఒకటే అని ఎవరు చెప్పారు? రెండు మాత్రలు వేసుకుని కల్చర్‌కు వస్తే అందులో ఏమీ పెరగదు, అసలు జబ్బు దొరకదు.

సెలైన్ పెట్టిస్తే తొందరగా తగ్గుతుందా?

ఊళ్లల్లో "రెండు గ్లూకోజులు ఎక్కించండి సారూ" అని రోగులే అడుగుతారు. మామూలుగా వాడే 5 శాతం గ్లూకోజు సీసా, అరలీటరుది, దాంట్లో ఉండేది 25 గ్రాముల చక్కెర. 100 కేలరీలు కూడా రావు, రెండు ఇడ్లీలంత బలం. నోటితో తాగగలిగినవాళ్లకు దాని అవసరం లేదు. ఆగని వాంతులున్నా, ఒంట్లో నీరు బాగా తగ్గినా, సూదిమందు నరానికి ఇవ్వాల్సి వచ్చినా సెలైన్ కావాలి. దాని అవసరాన్ని డాక్టరే చెప్పాలి.

గర్భంతో ఉన్నాను. మందులు వాడొచ్చా?

వాడకపోవడమే ప్రమాదం. వైద్యం అందని టైఫాయిడ్ తల్లికీ బిడ్డకీ ముప్పు. గర్భిణులకు వాడదగిన యాంటీబయాటిక్‌లు ఉన్నాయి. ఎన్నో నెలో ముందే డాక్టరుకు చెప్పండి. పాలిచ్చే తల్లులు కూడా పాలు ఆపనక్కర్లేదు, బిడ్డను ఎత్తుకునే ముందు చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలు.

## తిండి, ఇంట్లో జాగ్రత్తలు

టైఫాయిడ్‌కి అన్నం పెట్టకూడదా? బ్రెడ్డు, పాలే పెట్టాలా?

అన్నం పెట్టొచ్చు. పెట్టాలి కూడా. "సన్నిపాత జ్వరానికి లంఖణం పరమౌషధం" అని పెద్దలు అనేవాళ్లు. మందులు లేని రోజుల్లో పేగుకు చిల్లు పడుతుందేమోనని భయపడి చేసిన ఏర్పాటది. ఇప్పుడు మూడు వారాలు బ్రెడ్డు మీద ఉంచితే మనిషి జబ్బు కంటే నీరసంతోనే కుంగిపోతాడు. మెత్తగా వండిన అన్నం, చారు, పప్పుకట్టు, ఇడ్లీ, ఉడకబెట్టిన గుడ్డు, అరటిపండు, పెరుగు, ఇవన్నీ నిక్షేపంగా పెట్టండి. మొలగొలుకుల బియ్యం గంజిలో ఉప్పు, మజ్జిగ కలిపి ఇస్తే నాకు తెలిసి వద్దన్న రోగి లేడు. కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టండి. కారం, వేపుళ్లు, పచ్చి కూరముక్కలు కొన్నాళ్లు ఆపితే చాలు.

ఇంట్లో మిగతావాళ్లకి అంటుకుంటుందా? వేరే గదిలో పెట్టాలా?

గాలి ద్వారా రాదు. పక్కన కూర్చున్నా, ఒళ్లు తాకినా రాదు. వేరే గది అవసరం లేదు, వేరే తువ్వాలు కావాలి. మరుగుదొడ్డికి వెళ్లొచ్చిన ప్రతిసారీ సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కోవాలి, గోళ్లు కత్తిరించుకోవాలి. రోగి తగ్గేదాకా వంట చేయకూడదు. మన ఇళ్లల్లో అమ్మకు జ్వరం వస్తే వంట ఎవరు చేస్తారన్నది పెద్ద సమస్యే. కానీ ఇంటిల్లిపాదీ పడకుండా ఉండాలంటే రెండు వారాలు ఆమెను పొయ్యి దగ్గరికి రానివ్వకండి. మరుగుదొడ్డి రోజూ బ్లీచింగ్ నీళ్లతో కడగండి.

## తగ్గిన తర్వాత

జుట్టు గుప్పిళ్లకొద్దీ ఊడుతోంది. మందుల వల్లేనా?

కాదు, పెద్ద జ్వరం వల్ల. తగ్గిన రెండు మూడు నెలలకు మొదలవుతుంది, దానంతటదే ఆగి మళ్లీ వస్తుంది. గుండు కొట్టించాల్సిన పని లేదు.

తగ్గి మూడు వారాలైంది, మళ్లీ జ్వరం. తిరగబెట్టిందా?

అవ్వచ్చు. నూటికి ఐదు నుంచి పదిమందికి రెండు మూడు వారాల్లో తిరగబెడుతుంది, సాధారణంగా మొదటిసారి కంటే తేలిగ్గా ఉంటుంది. నెలల తర్వాత వస్తే అది కొత్తగా అంటుకున్నదే. ఇంట్లో నీళ్లు మారకపోతే జ్వరం కూడా మారదు. ఒకసారి వచ్చింది కదా ఇక రాదనే ధీమా వద్దు.

జ్వరం పోయి రెండు నెలలైంది, విడాల్ ఇంకా పాజిటివ్ వస్తోంది. లోపల ఉండిపోయిందా?

యాంటీబాడీలు నెలల తరబడి ఉంటాయి. తగ్గిందో లేదో చూడ్డానికి విడాల్ చేయించడమే అనవసరం. ఒంట్లో బాగుండి, జ్వరం లేకపోతే ఆ కాగితాన్ని పట్టించుకోకండి. దాన్ని పట్టుకుని మళ్లీ ఒక కోర్సు మందులు మింగినవాళ్లు ఎందరో.

నేను హాస్టల్లో వంట చేస్తాను. ఎప్పుడు పనికి వెళ్లొచ్చు?

మీలాంటివాళ్లు అడగడమే గొప్ప విషయం. జబ్బు తగ్గినవాళ్లలో నూటికి ఒకరి నుంచి ఐదుగురి దాకా ఏ లక్షణమూ లేకుండా ఏడాదికి పైగా మలంలో సూక్ష్మజీవిని వదులుతూనే ఉంటారు. అది పిత్తాశయంలో దాక్కుంటుంది. పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లకు ఇది ఎక్కువ. న్యూయార్కులో మేరీ మాలన్ అనే వంటమనిషి ఇలాగే, తనకు ఏ జబ్బూ లేకుండానే పనిచేసిన ఇళ్లల్లో టైఫాయిడ్ పంచింది. 1907లో ఆమెను గుర్తించారు. పాపం, తన తప్పేమిటో ఆమెకు అర్థం కూడా కాలేదు. హోటళ్లు, హాస్టళ్లు, అంగన్‌వాడీలు, మధ్యాహ్న భోజనం దగ్గర పనిచేసేవాళ్లు మల పరీక్షలు నెగెటివ్ వచ్చాకే, డాక్టరు సరేనన్నాకే వంటలో చెయ్యి పెట్టాలి. అప్పటిదాకా వేరే పని ఇవ్వమని అడగండి. ఇలా జబ్బు లేకుండా సూక్ష్మజీవిని మోసే మనిషిగా (క్యారియర్‌గా) తేలినా వైద్యం ఉంది, భయపడొద్దు.

## రాకుండా ఉండాలంటే

మేం ప్లాంటు నుంచి క్యాను నీళ్లే తాగుతాం. మాకెందుకు వచ్చింది?

ఆర్‌.ఓ. యంత్రంలోంచి బయటికి వచ్చే నీటిలో సూక్ష్మజీవులు ఉండవు, యంత్రం సరిగా ఉంటే. తర్వాత ఆ నీరు ఎక్కడెక్కడ తిరుగుతుందో చూడండి. క్యాను లోపల ఎప్పుడు కడిగారు? మూత మీద వేళ్లు ఎన్ని పడ్డాయి? ఇంటికొచ్చాక బిందెలో పోసి, గ్లాసును చేత్తో ముంచి తీస్తున్నారా? ఆర్‌.ఓ. నీటిలో క్లోరిన్ మిగలదు కాబట్టి తర్వాత పడ్డ సూక్ష్మజీవిని చంపేది అందులో ఏదీ ఉండదు. క్యాను నీళ్లు మంచివే. కాకపోతే కుళాయి ఉన్న డబ్బాలో పోసుకోండి, లేదా పొడుగు కాడ ఉన్న గరిటెతో తీసుకోండి. క్యానుకు వాసన వచ్చినా, లోపల పాచి జిగురు తగిలినా వెనక్కి పంపండి.

మాది కనిగిరి వైపు. ఫ్లోరైడ్ నీళ్లు. కాచి తాగితే రెండూ పోతాయా?

పోవు. చాలామంది పొరబడే చోటిది. కాచడం వల్ల టైఫాయిడ్ సూక్ష్మజీవి చస్తుంది, ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లను ఎంత కాచినా తాగడానికి పనికిరావు. కనిగిరి, పొదిలి, దర్శి, ఇటు ఉదయగిరి మెట్ట ప్రాంతాల్లో ముందు ఫ్లోరైడ్ లేని నీరు తెచ్చుకోవాలి, సాగర్ నీళ్లు గానీ ఆర్‌.ఓ. నీళ్లు గానీ. తర్వాత అదే నీటిని కాచుకోవాలి, లేదా క్లోరిన్ బిళ్ల వేసుకోవాలి. రెండు జబ్బులకూ రెండు పనులు.

ఎంతసేపు కాచాలి? క్లోరిన్ బిళ్ల ఎలా వాడాలి?

నీళ్లు తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం చాలు. చల్లారాక అదే గిన్నెలో మూతపెట్టి ఉంచండి, వేరే బిందెలోకి మార్చకండి. అరగ్రాము క్లోరిన్ బిళ్ల ఒకటి 20 లీటర్లకు సరిపోతుంది, బిళ్ల సైజు మారితే లెక్క మారుతుంది కాబట్టి అట్ట మీద చదవండి. నీళ్లు మురికిగా ఉంటే ముందు గుడ్డతో వడకట్టి, బిళ్ల వేసి, అరగంట ఆగి తాగండి. కొంచెం వాసన వస్తే మంచిదే, క్లోరిన్ ఇంకా మిగిలి ఉందన్నమాట.

మున్సిపాలిటీ కుళాయి నీళ్లు శుద్ధి చేసే వస్తాయి కదా?

ట్యాంకు దగ్గర శుద్ధే. దారిలో చెడిపోతాయి. రోజంతా కాకుండా కాసేపు మాత్రమే నీరు వదిలే పైపుల్లో, మిగతా టైంలో లోపల ఒత్తిడి ఉండదు. ఎక్కడ పగులు ఉంటే అక్కడి నుంచి పక్కనున్న మురికికాలువ నీరు లోపలికి ఊరుతుంది. కుళాయికి నేరుగా మోటారు బిగించి లాగితే ఇంకా ఘోరం, మీ ఇంటికే కాదు, వీధి మొత్తానికి మురికి లాగుతున్నట్టు. దయచేసి ఆ పని మానండి. నీళ్లు వదిలిన మొదటి పది నిమిషాలవి తాగడానికి పట్టుకోవద్దు.

తుఫాను వరదలో మా బోరు మునిగింది. ఎప్పుడు తాగొచ్చు?

2021 నవంబరులో పెన్నా పొంగి ఊళ్లు మునిగాక ఇదే అడిగారు. మునిగిన బావి, చేతిపంపు నీళ్లు తేటగా కనిపించినా తాగొద్దు. బ్లీచింగ్ వేయించి, నీళ్లు తోడేసి, పరీక్ష చేయించాక తాగాలి. పరీక్షకు హెచ్‌టూఎస్ సీసా అని చిన్నది ఉంటుంది. నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే నల్లబడితే కలుషితం. పంచాయతీల దగ్గరున్న నీటి పరీక్ష కిట్లలోనూ, గ్రామీణ నీటి సరఫరా (ఆర్‌.డబ్ల్యూ.ఎస్.) శాఖ ల్యాబులోనూ దొరుకుతుంది. మరుగుదొడ్డి గుంటకూ బావికీ కనీసం 15 మీటర్ల దూరం ఉండాలి, కొత్తగా తవ్వేవాళ్లు ముందే కొలుచుకోండి.

ఐసులో సూక్ష్మజీవులు చావవా? చెరకు రసం తాగొచ్చా?

చావవు. గడ్డకట్టిన నీటిలో టైఫాయిడ్ సూక్ష్మజీవి వారాల తరబడి బతికే ఉంటుంది. మన తీరంలో రొయ్యలకు, చేపలకు ఐసు దిమ్మలు తయారుచేస్తారు. ఆ దిమ్మ మనిషి తాగే నీటితో చేసింది కానక్కర్లేదు, గోనెసంచిలో చుట్టి రోడ్డు మీద ఈడ్చుకొస్తారు. బండి దగ్గర ఐసు లేకుండా రసం తీయమనండి, గ్లాసు మంచినీళ్లతో కడిగాక పోయించుకోండి. పానీపూరీలో ప్రమాదం పూరీలో కాదు, ఆ నీళ్లలో, అందులో ముంచే చేతిలో. వేడివేడిగా కళ్లముందు వేసిన దోసె, బజ్జీ నిర్భయంగా తినండి.

రొట్టెల పండుగకు చెరువులో దిగుతాం. ఏం జాగ్రత్త?

బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో లక్షలమంది దిగుతారు. నమ్మకంతో వెళ్లండి, నీళ్లు మాత్రం పుక్కిలించవద్దు, పిల్లల నోట్లోకి పోనివ్వవద్దు. తాగే నీళ్లు ఇంటి నుంచి తెచ్చుకోండి. రొట్టె తినే ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి, ఒక చిన్న సబ్బు ముక్క సంచిలో వేసుకుంటే పోతుంది.

టీకా వేయిస్తే ఇక రాదా? ఏ వయసులో వేయించాలి?

టైఫాయిడ్ కాంజుగేట్ టీకా ఇప్పుడున్నవాటిలో మేలైనది. ఆరు నెలల వయసు దాటిన పిల్లలకు ఒక్క డోసు. ఇది మన హైదరాబాద్‌లోనే భారత్ బయోటెక్ తయారుచేసింది, 2013 నుంచి దేశంలో ఉంది, తర్వాత బయోలాజికల్ ఇ కూడా తెచ్చింది. నేపాల్‌లో ఇరవై వేలమంది పిల్లల మీద చేసిన పరిశీలనలో సుమారు 80 శాతం రక్షణ కనిపించింది. అంటే ఇంకా కొంతమందికి రావచ్చు. టైఫాయిడ్ లాంటిదే, వేరే సూక్ష్మజీవితో వచ్చే పారాటైఫాయిడ్‌ను ఇది ఆపదు. అందుకని టీకా వేయించాం కదా అని నీళ్ల సంగతి వదిలేయొద్దు. టైఫాయిడ్ వచ్చి తగ్గినవాళ్లు 4 నుంచి 6 వారాలు ఆగి వేయించుకోవచ్చు. పాతరకం టీకా రెండేళ్లు దాటినవాళ్లకే పనికొస్తుంది, మూడేళ్లకోసారి మళ్లీ వేయించాలి. పిల్లలకు ఏది వేశారో కార్డు మీద రాయించుకోండి.

మా వీధిలో వారంలో నలుగురికి టైఫాయిడ్ అన్నారు. ఎవరికి చెప్పాలి?

ముందు మీ ఏఎన్‌ఎం లేదా ఆశా కార్యకర్తకు. తర్వాత ఊళ్లో అయితే పంచాయతీ కార్యదర్శికి, పట్నంలో అయితే వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీకి. మాటగా కాకుండా కాగితం మీద రాసివ్వండి: ఎవరెవరికి, ఏ తేదీ నుంచి జ్వరం, ఏ కుళాయి నీళ్లు తాగుతారు. ఆ నలుగురి ఇళ్లూ ఒకే పైపు మీద ఉంటే లీకు ఎక్కడుందో సగం దొరికినట్టే. కుళాయి నీటిలో క్లోరిన్ చూడమని అడగండి, నిమిషంలో అయ్యే పరీక్ష అది. మీ వీధి చివరి కుళాయి దగ్గరే చూడమని పట్టుబట్టండి, ట్యాంకు కింద చూస్తే ఎప్పుడూ బాగానే ఉంటుంది.